వార్త వచ్చు త్రోవలు

మా సైదాబాదులో మేడ మీదికెక్కి మలకపేట దిక్కునకు చూచినచో టీవీ టవరు కనబడును. హైదరాబాదున దూరదర్శన కేంద్రము 1977లో నెలకొన్నది. ఆ తరువాతి దినములలో ఇంటి కప్పులపై చేపముల్లువంటి ఏంటినాలు మొలచినవి. గాలివానకది కొంచెము ప్రక్కకు తిరిగినచో నొకరు పైకెక్కి త్రిప్పుటయు, మరియొకరు క్రిందినుండి “వచ్చె, వచ్చె, అయ్యో, మరల పోయె” నని కేకలు వేయుటయు మాకిప్పటికిని చెవులలోనే యున్నది. ఇప్పుడా చేపముల్లు లేదు. దూరదర్శనమువారు 2022 నాటికి భూమి మీది టవరులనుండి చేయు ప్రసారములను దేశమంతట దాదాపుగా విరమించిరి. వార్త యిప్పుడు ఉపగ్రహమునుండి గిన్నెలోనికి, తీగ వెంబడి పెట్టెలోనికి, అన్నిటికంటె నెక్కువగా చేతిలోని ఫోనులోనికి వచ్చుచున్నది.

మా పేర వచ్చు ఉత్తరములలో నొక సోదరీమణి యిట్లడిగినది: “ఫేసుబుక్కును, యూట్యూబును ప్రభుత్వములు నిషేధించుచున్నవని వినుచున్నాము. అందువలన పిల్లలకు కాలక్షేపము పోవునేమో గాని, మనము టీవీలో చూచు వార్తలకేమి కొరత? అది వేరు, ఇది వేరు గదా!” ఏడాది క్రిందట నైనచో మేమును ఇట్లే యనుకొని యుందుము. మా ప్రక్క వాటాలో జరిగిన సంగతి మా యభిప్రాయమును మార్చినది గనుక దానినే మొదట చెప్పెదము.

2025 సెప్టెంబరు మాసమున ప్రక్క వాటా పిన్నిగారి అక్కగారు విశాఖపట్టణము నుండి తోడి యాత్రికులతో నేపాళమునకు వెళ్లిరి. ముక్తినాథము చూచి, కాఠ్‌మాండులో పశుపతినాథుని సేవించి తిరిగి వచ్చుట వారి సంకల్పము. అరువది దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు. ప్రతి రాత్రియు వాట్సాపులో ముఖము చూపి “భోజనమైనదే, మాత్ర వేసికొంటినే” యని చెప్పినగాని పిన్నిగారికి నిద్ర పట్టదు. 4వ తేదీ గురువారము తరువాత ఆ ముఖము కనబడుట మానినది. ఫోను చేసినచో మ్రోగదు. పంపిన సందేశము ప్రక్కన ఒక్క గీతయే గాని రెండవ గీత పడదు. “అక్కకేమైనదో, కొండలలో వానలట” యని పిన్నిగారు గడపలో కూర్చుండిపోయిరి.

జరిగినదేమనగా, నేపాళ ప్రభుత్వము ఆ దినమున 26 సామాజిక మాధ్యమములను మూయుమని ఆజ్ఞాపించినది. ఫేసుబుక్కు, యూట్యూబు, వాట్సాపు, ఇన్‌స్టాగ్రాము, ఎక్సు అన్నియు అందులోనివే. అవి తమ మంత్రిత్వ శాఖయొద్ద గడువులోపల నమోదు చేసికొనలేదని ప్రభుత్వము చెప్పిన కారణము. టిక్‌టాకు, వైబరు నమోదై యుండుటచే మిగిలినవి. “టీవీ పెట్టుము, ఛానళ్లవారు చెప్పకుందురా?” యని పిన్నిగారు మా యింటికి వచ్చిరి. మూడు ఛానళ్లు త్రిప్పితిమి. అడుగున పరుగెత్తు అక్షరములలో నొక పంక్తి తప్ప మరేమియు లేదు. ఆ నాలుగు దినములును అంతే. కాఠ్‌మాండు వీధులలో నేమి జరుగుచున్నదో చూపుటకు మన తెలుగు ఛానళ్లవారికి అచట మనుష్యులు లేరు. ఉన్న వీధులవారు ఫోనుతో తీసిన బొమ్మను పైకి పంపు త్రోవలు చాలవరకు మూతపడినవి. వార్తల పెట్టె మా యెదుటనే యున్నది. అందులోనికి నీరు వచ్చు కాలువ ఎగువన కట్టబడినది.

8వ తేదీ సోమవారము యువకులు, విద్యార్థులు వేలకొలది వీధులలోనికి వచ్చిరి. వారి కోపము మాధ్యమముల నిషేధముమీద మాత్రమే గాక, పాలకుల అవినీతిమీదను ఎంతో కాలముగా రగులుచున్నదే. పోలీసుల కాల్పులలో ఆ యొక్క దినముననే 19 మంది మరణించిరి. ఆ రాత్రియే నిషేధమును తొలగించిరి. మరునాడు ప్రధానమంత్రి ఓలీ రాజీనామా చేసిరి, పార్లమెంటు భవనము, సచివాలయమగు సింహదర్బారు కాలినవి, విమానాశ్రయము మూతపడినది. అదే దినమున నేపాళమున మిక్కిలి పేరుగల వార్తాసంస్థ యగు కాంతిపుర్ వారి భవనమును నిప్పుల పాలైనది, వారి ప్రసారములకు భంగము కలిగినది. మాధ్యమములను మూసినది ప్రభుత్వము. మంట చేరినది వార్తల యింటికిని. వీధిలో రేగిన జనమునకు ఇది ప్రభుత్వపు గోడ, ఇది వార్తాపత్రిక గోడ యను విచక్షణ మిగులదు కాబోలు.

నిషేధము తొలగిన పిమ్మట జరిగినది చూడుడు. 9వ తేదీనుండి కాఠ్‌మాండు హోటళ్లలో చిక్కుకొన్న తెలుగువారు తమ ఫోనులలో మాటలాడిన వీడియోలు ఒక్కొక్కటియే బయటకు వచ్చినవి. “మేమిచటనున్నాము, ఇంతమందిమి, బయట పొగ కనబడుచున్నది” యని వారు చెప్పినది మన ఛానళ్లన్నింటిలోను పడినది. రెండువందలకు పైగా తెలుగువారు ఆ దేశములో నున్నారని అప్పుడు లెక్క తేలినది. ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ 10వ తేదీన అనంతపురము ప్రయాణము మానుకొని సచివాలయమున కూర్చుండి, అచటివారితో వీడియోలోనే మాటలాడిరి. 11వ తేదీన ప్రత్యేక విమానము కాఠ్‌మాండునుండి విశాఖపట్టణమునకును, తిరుపతికిని వచ్చినది. అందులో పిన్నిగారి అక్కగారును దిగిరి. టీవీలో విమానాశ్రయపు గుమ్మము చూపుచుండగా, ఆకుపచ్చ శాలువ కప్పుకొని కుంటుచు వచ్చుచున్న ఆమెను పిన్నిగారు గుర్తుపట్టి అరచిన అరపునకు మా వీధిలో కుక్కలు కూడ మొరిగినవి.

ఇచట మరియొక విశేషము. నిషేధింపబడిన 26లో నొకటియైన డిస్కార్డు అను మాధ్యమమునందే ఆ యువకులు కూడి, తరువాతి ప్రభుత్వమున కెవరు పెద్దగా నుండవలెనని చర్చించిరి. 12వ తేదీన సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కి మధ్యంతర ప్రధానిగా ప్రమాణము చేసిరి. నేపాళమున స్త్రీ ప్రధాని యగుట అదియే ప్రథమము.

ఇక సోదరి యడిగిన ప్రశ్నకు వత్తుము. టీవీ వార్త తయారగు విధము మనము వంటయింటినుండి చూచునట్టిది కాదు. గనుక కొంచెము వివరింపవలసి యున్నది. జిల్లాకొక విలేఖరి, మండలమునకొక స్ట్రింగరు ఉందురు. స్ట్రింగరనగా జీతము స్థిరముగా లేక, వార్తకింత యని పుచ్చుకొనువాడు. వెనుకటివలె వీరు కెమెరా మోసికొని పోయి, క్యాసెట్టు బస్సులో పంపుట యెప్పుడో పోయినది. ఫోనున తీయుదురు, వాట్సాపు గుంపులో వేయుదురు, నగరమందలి డెస్కువారు దానిని కోసి కూర్చుదురు. అగ్నిప్రమాదమైనను, వరదయైనను విలేఖరికంటె ముందుగా అచట నుండునది అచటి గృహిణియో, ఆటోవాడో. వారి ఫోనులోని బొమ్మయే మనము టీవీలో చూచు మొదటి బొమ్మ. బొమ్మ నిజమైనదా కాదా యని సరిచూచుటకును డెస్కువారు తిరిగి ఆ మాధ్యమములనే వెదకుదురు: ఇదే వీధిని మరియొకరు తీసిరా, ఆ దినమున వాన పడినదా యని.

ఇది వార్త లోనికి వచ్చు త్రోవ. బయటకు పోవు త్రోవయు నదియే. మా వీధిలో కేబులు తీయించివైచిన యిండ్లు మేము లెక్కింపగా చాలనే తేలినవి. వారు వార్తలు చూడరా యనగా చూతురు. యూట్యూబులో ఆ ఛానలు వారిదే ప్రత్యక్ష ప్రసారమును చూతురు. డల్లాసులోని కోడలు, సిడ్నీలోని కొమరుడు, దుబాయిలోని అల్లుడు చూచునదియు నదే. ప్రకటనల సొమ్ములో కొంత అటనుండియే ఛానళ్లకు వచ్చుచున్నది. కావున ప్రభుత్వమొకటి మాధ్యమమును మూసినప్పుడు టీవీ లైసెన్సును తాకకున్నను, ఛానలు ఒక కన్నును, ఒక నోటిని, కొంత కూటిని కోల్పోవును. గల్ఫులో భర్తలున్న మన కరీంనగరము, జగిత్యాల సోదరీమణులకు ఈ సంగతి మేము చెప్పనక్కర లేదు. ఎమిరేట్లలో వాట్సాపు మాట పనిచేయదని, బోటిము వేసికొనవలెనని వారికెప్పుడో తెలియును.

మన దేశమున ఈ మూతలకు ఆధారమైనది 2000 నాటి ఐటీ చట్టములోని 69ఎ విభాగము. దేశ సమగ్రత, రక్షణ, ప్రజాశాంతి మొదలగు కారణములు చూపి కేంద్ర ప్రభుత్వము దేనినైన ఈ దేశమున కనబడకుండ చేయవచ్చును. 2009లో దానికి నియమములు వ్రాసిరి. అందు 16వ నియమము ప్రకారము ఫిర్యాదులును, తీసికొన్న చర్యలును రహస్యముగా నుంచవలెను. అనగా ఛానలు తెరచినప్పుడు ప్రభుత్వాజ్ఞవలన ఇది ఈ దేశమున లభింపదను పలక కనబడును. ఆ యాజ్ఞలో నేమున్నదో చూచువారికి తెలియదు, ఒక్కొక్కప్పుడు నడుపువారికే తెలియదు. దండన తెలిసి, నేరము తెలియకుండుట మాకు సరిగా తోచదు. ఇంటిలో పిల్లవానికి శిక్ష వేయునప్పుడు కూడ ఎందులకో చెప్పుదుము గదా.

ఈ వ్యవహారమున న్యాయస్థానముల మెట్లెక్కినవారిలో స్త్రీలుండుట మా పాఠకురాండ్రు గమనింపదగినది. 2012 నవంబరులో మహారాష్ట్రమందలి పాల్ఘరులో ఇద్దరు యువతులను, నగరము మూతపడుటను గూర్చి ఫేసుబుక్కులో ఒకతె వ్రాసినందులకును, మరియొకతె దానిని మెచ్చినందులకును పోలీసులు పట్టుకొనిరి. దానిని చూచి సహింపలేక శ్రేయా సింఘాల్ అను న్యాయ విద్యార్థిని సుప్రీంకోర్టులో వ్యాజ్యము వేసినది. 2015 మార్చి 24వ తేదీన కోర్టు 66ఎ విభాగమును కొట్టివైచినది. అయితే 69ఎను మాత్రము, అందు తగిన రక్షణలున్నవని చెప్పి, నిలిపినది. కాశ్మీరమున 2019 ఆగస్టులో ఫోను, ఇంటర్నెట్టు అన్నియు ఆగినప్పుడు కోర్టుకు పోయినది కాశ్మీర్ టైమ్సు సంపాదకురాలు అనూరాధా భాసిన్. ఆ దినములలో శ్రీనగరపు విలేఖరులందరును ఒక హోటలులో ప్రభుత్వము పెట్టిన నాలుగైదు కంప్యూటర్ల ముందు వరుసలో నిలుచుండి తమ వార్తలు పంపుకొనవలసి వచ్చినది. రేషను దుకాణమువద్ద మనము నిలుచుండునట్లే. 2020 జనవరి 10వ తేదీ తీర్పులో కోర్టు ఇట్టి ఆజ్ఞలను ప్రకటింపవలెననియు, హద్దులేని కాలమునకు ఇంటర్నెట్టు నాపరాదనియు చెప్పినది.

లైసెన్సు పొందిన ఛానళ్లకును రహస్యపు దెబ్బ తగులకపోలేదు. మలయాళ ఛానలగు మీడియావనునకు 2022 జనవరిలో అనుమతి నిరాకరించి, కారణములను ముద్రవేసిన కవరులో కోర్టునకిచ్చిరి. 2023 ఏప్రిల్ 5వ తేదీన సుప్రీంకోర్టు ఆ నిరాకరణను రద్దు చేసి, ఆ కవరు పద్ధతిని తప్పుపట్టినది.

ఇంతవరకు చదివిన సోదరీమణులు “అయితే ప్రభుత్వము చేతులు కట్టుకొని కూర్చుండవలెనా?” యని యడుగుదురు. అడుగవలసినదే. 2025 మే 7వ తేదీ సాయంకాలము 4 గంటలకు మన నగరమున సైరనులు మ్రోగినవి. పాకిస్తానముతో యుద్ధ వాతావరణము. జాగ్రత్త నేర్పుటకై చేసిన అభ్యాసమది. కంచనబాగు రక్షణ సంస్థలు మాకు దూరమేమియు కావు. పొయ్యిమీద పాలు పొంగుచున్నను దింపువారు లేక మా వీధి స్త్రీలందరు గుమ్మములలో నిలుచుండిరి. తరువాతి రెండు మూడు రాత్రులు ఫోనులలో వచ్చిన అబద్ధములు చెప్పనలవి కాదు. ఎప్పటివో పాత బొమ్మలు, వీడియో ఆటలలోని విమానములు, అన్నియు ఈ రాత్రివే యనిరి. అట్టివాని నాపుట అవసరమేయని మేమును ఒప్పుకొందుము.

కాని ఆ రాత్రులలో కరాచీ రేవు ధ్వంసమైనదని చెప్పినది ఫోను మాత్రమే కాదు. లైసెన్సు గల, సూటు తొడిగికొన్న, పెద్ద పెద్ద ఛానళ్లును చెప్పినవి. అది నిజము కాలేదు. ఛానళ్లు సైనిక చర్యలను ప్రత్యక్షముగా చూపరాదని కేంద్రము ఏప్రిల్ 26వ తేదీననే హెచ్చరించి యుండినది. ఆ వారములోనే ఎక్సు సంస్థ తనకు భారతదేశమునుండి 8,000కు పైగా ఖాతాలను మూయుమను ఆజ్ఞలు వచ్చినవనియు, అందు అంతర్జాతీయ వార్తాసంస్థలవియు నున్నవనియు ప్రకటించినది. ఏది అబద్ధమో సరిచూచి చెప్పువారి నోరును, అబద్ధము పుట్టించువాని నోరును ఒకే తాళముతో మూసినచో, ఇంట కూర్చున్న మనకు మిగులునది పొరుగింటివారి ఊహయే. జులై 5వ తేదీన రాయిటర్సు వార్తాసంస్థ ఖాతాయే ఈ దేశమున కనబడకుండ పోయినది. తాము దానిని మూయగోరలేదని ప్రభుత్వము చెప్పినది; మరునాటికి అది తిరిగి వచ్చినది. ప్రపంచమంతటి టీవీలకు వార్తలమ్ము సంస్థకే ఇట్లయినప్పుడు, ఒక మండలపు స్ట్రింగరు నడుపుకొను చిన్న ఛానలు మూతపడినచో ఎవరు విచారింతురు?

ఈ సందర్భమున మా పాతబస్తీ స్త్రీల దుఃఖమొకటి చెప్పకున్న బాగుండదు. ఏప్రిల్ 28వ తేదీన డాన్, జియో, ఏఆర్‌వై, సమా మొదలగు 16 పాకిస్తాన యూట్యూబు ఛానళ్లను మూసిరి. పిమ్మట అచటి నాటకముల ఛానళ్లును ఆగినవి. మా ఎదురింటి ఆపా రాజకీయములెరుగదు. ఉర్దూ నాటకములు మాత్రమే చూచును. నాయిక నికాహు నిశ్చయమై, మరునాటి భాగమున వరుడెవరో తెలియవలసి యుండగా పలక పడినది. “అక్కా, ఆ పిల్ల నెవరికిచ్చిరో ఇక ఎన్నటికైన తెలియునా?” యని ఆమె మమ్మడిగినది. మేమేమి చెప్పగలము? దేశరక్షణ యెదుట అది చిన్న మాటయే. అయినను ఆమె యింట మాపువేళ టీవీ చుట్టు కూడునట్టి నలుగురు ఆడవాండ్రును ఇప్పుడు కూడుట లేదు.

మూత వేయుటకు ఢిల్లీ ఆజ్ఞయే అక్కరలేదని మన తెలుగు రాష్ట్రములు నిరూపించినవి. 2014 జూనులో, తెలంగాణము ఏర్పడిన మాసముననే, టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఛానళ్లను ఇచటి కేబులువారు ఆపిరి. శాసనసభ్యుల ప్రమాణ స్వీకారమును గూర్చి టీవీ9 వేసిన హాస్య కార్యక్రమము కోపము తెప్పించినది. అందులోని హాస్యము మాకును రుచింపలేదు. ప్రభుత్వము తనకు సంబంధము లేదనెను, కేబులువారే ఆపిరనెను. 2019లో ఆంధ్రప్రదేశమున ఏబీఎన్, టీవీ5లకు అదే గతి పట్టినది. 2024 జూనులో అచట ప్రభుత్వము మారగానే ఈ మారు సాక్షి, టీవీ9, ఎన్టీవీ, 10టీవీ మాయమైనవి. టీవీ9ను తిరిగి వేయుమని ఢిల్లీ హైకోర్టు ఆ నెలలోనే ఆజ్ఞాపింపవలసి వచ్చినది. పక్షములు మారినవి, పెట్టెలోని ఖాళీ స్థలము మాత్రము మారలేదు. ఏ పక్షమువారి ఛానలు పోయినప్పుడు ఆ పక్షమువారు పత్రికా స్వాతంత్ర్యమును గూర్చి మిక్కిలి చక్కగా మాటలాడుదురు.

ఆ సమయములందెల్ల ఛానళ్లను బ్రతికించినవి రెండు: ఇంటి మీది డిష్షు, చేతిలోని యూట్యూబు. ముందు తలుపు మూసినప్పుడు పెరటి తలుపునుండి వచ్చినట్లు. పెరటి తలుపునకును తాళము పడు దినమున నేమగునో కోనసీమవారు కొంత చూచిరి. జిల్లాకు అంబేద్కరు పేరు చేర్చుటను గూర్చి 2022 మే 24వ తేదీన అమలాపురమున అల్లరులు జరిగి, మంత్రి గారి యిల్లును, ఎమ్మెల్యే గారి యిల్లును తగులబెట్టిరి. పుకారులాగుటకై ఇంటర్నెట్టు నాపిరి. పుకారులు కొంత తగ్గియుండును. కాని ఇంటినుండి పనిచేయు పిల్లలు సంకేతము దొరకునేమోయని గోదావరి గట్లవెంబడి పోయి కూర్చుండిరి. అచటి స్ట్రింగరులకును వార్త పంపుటకు ఆ గట్లే గతి.

ఇతర దేశములలో దీనికి విరుగుడు వెదకినవారు లేకపోలేదు. 2022 మార్చిలో రష్యా ఫేసుబుక్కును, బీబీసీ వారి వెబ్‌సైటును మూసినప్పుడు, మన తెలుగు విద్యార్థులెందరో ఉక్రెయినులో నేలమాళిగలలో నుండిరి. బీబీసీ వారు అప్పుడొక ముసలి ఉపాయము చేసిరి. ఎన్నడో మానివేసిన షార్టువేవు రేడియోను దులిపి, దినమునకు 4 గంటల చొప్పున ఆంగ్ల వార్తలను కీవ్ నగరమునకును, రష్యాలో కొంత భాగమునకును వినబడునట్లు ప్రసారము చేసిరి. ఆకాశమున వచ్చు ధ్వనిని తాళము వేయుట కష్టము. అదే మాసమున నతాలియా సిందెయెవా అను స్త్రీ స్థాపించిన దోజ్ద్ అను రష్యా ఛానలు మూతపడి, విదేశమునకు పోయి, యూట్యూబు నాశ్రయించి తన దేశమువారికి వార్తలు చెప్పసాగినది. ఒకరు రేడియోవైపు పోయిరి, ఒకరు యూట్యూబువైపు పోయిరి. మన యిండ్లలో ఈ రెంటిలో మొదటిది ఎందరియొద్ద మిగిలి యున్నది?

ప్రభుత్వము చేయునదే మూత కాదు, కంపెనీవారును చేయుదురు. వార్తలకు సొమ్ము చెల్లింపవలెనని కెనడా చట్టము చేయగా, 2023 ఆగస్టులో ఫేసుబుక్కు కంపెనీ ఆ దేశమున వార్తలనే తీసివైచినది. ఆ మాసముననే యెల్లోనైఫ్ పట్టణమునకు కార్చిచ్చు సమీపించి, ఇంచుమించు 20,000 మంది ఊరు విడిచిరి. ఏ రోడ్డు తెరచియున్నదో చెప్పు రేడియో, టీవీ వార్తలను ఒకరికొకరు ఫేసుబుక్కులో పంపుకొనలేకపోయిరి. ఇక పదహారేండ్లలోపు పిల్లలకు సామాజిక మాధ్యమములు కూడదని ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10వ తేదీనుండి అమలు చేసిన చట్టమును తల్లులుగా మేము తప్పుపట్టలేము. అయితే టీవీ ముందు కూర్చుండుట మానిన ఆ పిల్లలు వార్త యను దానిని ఇంకెచట చూతురో ఎవరైన ఆలోచించిన బాగుండును.

మా నగరమునకిది క్రొత్త యనుభవము కాదు. నైజాము కాలమున మందుముల నరసింగరావు గారి ‘రయ్యత్’ పత్రికను ప్రభుత్వము మూయించినది. అందు పనిచేసిన షోయబుల్లా ఖాన్ ‘ఇమ్రోజ్’ పత్రికను పెట్టి, 1948 ఆగస్టులో రాత్రివేళ ఇంటికి పోవుచు హత్యచేయబడెను. ఒక నెల తిరుగకమునుపే, సెప్టెంబరు 17వ తేదీన, నైజాము దక్కను రేడియోలో స్వయముగా మాటలాడి యుద్ధము ముగిసినదని చెప్పవలసి వచ్చినది. ఆ సాయంకాలము రేడియో ఉన్న యిండ్లముందు జనము వీధి నిండ నిలుచుండిరని మా పెద్దలు చెప్పుచుండెడివారు.

నేపాళమునుండి తిరిగివచ్చిన పిన్నిగారి అక్కగారు దసరాకు సైదాబాదు వచ్చి పది దినములుండిరి. గండకీ నదినుండి తెచ్చిన సాలగ్రామమును పిన్నిగారి దేవునర్రలో నుంచిరి. ఆ నాలుగు దినములు అచట తమకేమి తెలిసెనని మేమడిగితిమి. “ఏమి తెలియును? బయట అరుపులు వినబడెను. హోటలు కుర్రవాడు వచ్చి టీవీ పెట్టెను. వారి భాష మాకు రాదు. మన భాష వచ్చు ఫోను పలుకదు. నీవు ఏడ్చుచుందువనియే నాకు బెంగ” యని చెల్లెలి వైపు చూచిరి.

పిన్నిగారు ఆ మరునాడే అటక మీదినుండి తమ మామగారి కాలపు ట్రాన్సిస్టరు దించిరి. బ్యాటరీల చోట తుప్పు పట్టి యున్నది. సైదాబాదు చౌరస్తాలో సెల్‌ఫోను బాగుచేయు కుర్రవాని కిచ్చిరి. వాడు దానిని త్రిప్పి త్రిప్పి చూచి, తన కిటువంటిది రాదనియు, ఛాదర్‌ఘాటు దిక్కున ఒక ముసలాయన యున్నాడేమో కనుగొనుమనియు చెప్పినాడు. ముసలాయన దొరికినాడు. 250 రూపాయలు పుచ్చుకొని, తుప్పు గీకి, తీగ అతికి ఇచ్చినాడు. ఇప్పుడు ప్రొద్దుట కుక్కరు ఈలల నడుమ ఆకాశవాణి వార్తలు ప్రక్క వాటానుండి మాకును వినబడుచున్నవి.